స్వామిని ఎవరు గార్డ్ చేస్తారు?

2017 నవంబరు. రాజాంలో ఒక డిగ్రీ కాలేజీకి నేను ఫిజికల్ డైరెక్టర్ని. విద్యార్థులు పీడీ మాస్టారు అంటారు. కాగితం మీద అన్ని ఆటలూ నా బాధ్యతే అయినా నా ప్రాణమంతా బాస్కెట్‌బాల్ మీదే ఉండేది. మాది సిమెంటు కోర్టు. ఒకవైపు రింగు కాస్త ముందుకు వాలి ఉండేది. ప్రహరీ అవతల రైస్ మిల్లు. మిల్లు ఆడిన రోజున ఊక దుమ్ము వచ్చి కోర్టు మీద పరుచుకునేది. చీపుళ్ళు పట్టుకుని దాన్ని ఊడవడమే మా జట్టుకు మొదటి వ్యాయామం.

ఆ ఏడు మా జట్టులో గౌరినాయుడు అనే కుర్రాడు ఉండేవాడు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. బాస్కెట్‌బాల్‌కి చాలినంత పొడుగు కాదు. వాడి బలం డ్రైవ్‌లో ఉంది. డ్రైవ్ అంటే బంతిని నేలకేసి కొడుతూ, అడ్డంగా నిలబడ్డవాళ్ళ మధ్యలోంచి రింగు కిందికి దూసుకుపోవడం. ఆ దారిలో భుజాలు తగులుతాయి, మోచేతులు తగులుతాయి. గౌరి ఆ దెబ్బలు తింటూనే నవ్వేవాడు. దెబ్బ తగిలిన క్షణంలో వాడి అడుగు ఇంకా గట్టిగా పడేది. అది నేర్పితే వచ్చే విద్య కాదు.

వాళ్ళ నాన్న సాలూరులో లారీ డ్రైవరు. ఆ వేసవిలో ఘాట్ రోడ్డు దిగుతుంటే బ్రేకులు పట్టలేదు. లారీ కొండను రాసుకుంటూ పోయి ఆగింది. మనిషి బతికాడు గానీ కాలు విరిగింది. అప్పటినుంచి గౌరి బుర్రలో ఒకటే ఆలోచన. యూనివర్సిటీ జట్టుకు ఎంపికైతే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి ఆశ ఉంటుంది. ఉద్యోగం వస్తే నాన్న మళ్ళీ స్టీరింగ్ పట్టుకోనక్కర్లేదు. డిసెంబరులో విజయనగరంలో అంతర కళాశాలల పోటీలు, జనవరిలో యూనివర్సిటీ సెలక్షన్. వాడికి మిగిలింది ఆ ఒక్క ఏడాదే.

అలాంటి నవంబరులో ఒక ఉదయం వాడు నల్లబట్టలతో, మెడలో మాలతో, ఉత్త కాళ్ళతో కోర్టులోకి వచ్చాడు.

"ఏరా, బూట్లేవి?"

"అయ్యప్ప మాల ఏసుకున్నాను స్వామీ."

నేను నాస్తికుణ్ణి. ఈ రెండు జిల్లాల్లో మూఢనమ్మకాల మీద సభ పెడితే ఉపన్యాసానికి నన్ను పిలిచేవారు. అలాంటి నన్ను పట్టుకుని స్వామీ అన్నాడు. దీక్షలో ఉన్నవాడు ప్రతి మగవాణ్ణీ అలాగే పిలవాలి, వాణ్నీ అందరూ అలాగే పిలవాలి. జట్టంతా నవ్వు ఆపుకోలేక చీపుళ్ళ మీద పడింది.

ఆ సాయంత్రం వాళ్ళ ఊరు వెళ్ళాను. వాళ్ళమ్మ పైడమ్మ వాకిట్లో మినుములు చెరుగుతోంది. కాలికి కట్టుతో తండ్రి మంచం మీద ఉన్నాడు. భర్త బతికి బయటపడితే కొడుకు చేత మాల వేయిస్తానని ఆవిడ మొక్కుకుందట.

"దేవుడు కాపాడాడంటున్నావు సరే. మరి బ్రేకులు పోనిచ్చింది ఎవరమ్మా?" అన్నాను.

"ఓనరు పోనిచ్చినాడు మాస్టారూ. ఓనర్ని నానేటి సెయ్యగల్ను? అయ్యప్పకైతే మొక్కుకోగల్ను."

"మొక్కు నీది. మధ్యలో దీక్ష వాడికెందుకు?"

"మరెవులు కొండెక్కుతారు? ఈ మంచం మీదున్నోడా? పోనీ, మీరెక్కుతారేటి?"

పక్కింటివాళ్ళు పకపకా నవ్వారు. నేను పట్టు వదల్లేదు. "పోటీలయ్యాక వేసుకోమను" అన్నాను.

"మీ పోటీలు సూసుకుని ఆ స్వామి గుడి తలుపులు తీస్తాడేటి బాబూ? టీ తాగండి, సల్లారిపోతన్నాది."

వేదికల మీద పెద్ద పెద్ద పండితులతో వాదించినవాణ్ణి, ఆ వాకిట్లో చల్లారిన టీ తాగి తిరిగొచ్చాను. దారంతా కోపమే. ఆ తల్లి మీద కాదు. బ్రేకులు బాగుచేయించని యజమానిని ఒక్కమాట అనలేని మనుషుల చేత, కొడుకు కాళ్ళకున్న బూట్లు తీయించగలిగిన ఆ భయం మీద.

అప్పటినుంచి నా చూపంతా వాడి పాదాల మీదే. సిమెంటు మీద ఉత్త కాళ్ళతో ఆగి తిరిగితే చర్మం ఊడుతుంది, మడమ బెణుకుతుంది. రోజూ పాదాలు తిప్పి చూసేవాణ్ణి. బొబ్బలు వచ్చాయి, పగిలాయి, ఎండాయి, గట్టిపడ్డాయి. ప్రమాదం అక్కడే ఉందనుకున్నాను. అది మరోచోట మొదలైంది.

ముందుగా మా కోర్టులోంచి 'ఒరే' పోయింది. మా వైపు ఆటకు ఊపిరి ఆ మాటే. "ఒరే గౌరిగా, ఇటియ్యరా!" అని అరిచే గొంతులు "స్వామీ, ఇటు పాస్ చెయ్యండి" అనడం మొదలుపెట్టాయి. తర్వాత చేతులు పోయాయి. చిన్నారావని వాడి ప్రాణస్నేహితుడు, ప్రాక్టీసులో వాణ్ని గార్డ్ చేసేవాడు, అంటే వాడి దారికి అడ్డుపడి ఆపేవాడు. ఏడాది పొడుగునా ఇద్దరూ పొట్టేళ్ళలా గుద్దుకునేవారు. ఇప్పుడు గౌరి వస్తుంటే చిన్నారావు కాలే పెనం తగలబోయినట్టు చేతులు వెనక్కి లాక్కుని పక్కకు తప్పుకుంటున్నాడు.

"గార్డ్ చెయ్యవేంరా?" అని అరిచాను.

"స్వామికి మోసెయ్యి తగిల్తే పాపం మాస్టారూ."

ఆట ఆపించి అందర్నీ కూర్చోబెట్టాను. పాపమంటే ఏమిటి, భయమెలా పుట్టింది, పూసలకు శక్తి ఎక్కడినుంచి వస్తుంది అని ఉపన్యాసం దంచాను. అందరూ తలలొంచుకుని విన్నారు. లేచి బంతి అందుకున్నాక మళ్ళీ అదే తంతు. నేను మరింత గట్టి ఉపన్యాసానికి సిద్ధమయ్యాను.

విజయనగరం పోటీల్లో, మొదటి మ్యాచ్‌కి ముందే రిఫరీ గౌరిని చూసి ఆగాడు. నిబంధన ప్రకారం మెడలో ఏమీ ఉండకూడదు, కాళ్ళకు బూట్లు ఉండాలి. మా జట్టు గతి ఏమైనా సరే అనుకుని, "రూలు రూలేనండీ, అమలు చెయ్యండి" అని నేనే అన్నాను. ఆయన గౌరికి దండం పెట్టి నా వైపు తిరిగాడు. "మాల తీయమని ఆ పాపం నేనెందుకు మూటగట్టుకోవాలి మాస్టారూ? లోపలికి దోపుకోమనండి, చాలు." బూట్ల ఊసే ఎత్తలేదు. ఒక దేశంలో చట్టం ఎలా ఓడిపోతుందో తెలుసుకోవాలంటే పార్లమెంటు దాకా వెళ్ళక్కర్లేదు. బాస్కెట్‌బాల్ కోర్టు చాలు.

ఇక ఆట. గౌరి డ్రైవ్‌కి వస్తే ఎదుటి జట్టు రెండుగా చీలి దారి ఇచ్చేసేది. జనం "స్వామియే శరణం" అని కేకలు. ఫైనల్లో విజయనగరం కుర్రాడొకడు రీబౌండ్ కోసం, అంటే రింగుకు తగిలి వెనక్కొచ్చిన బంతి కోసం ఎగిరి, అనుకోకుండా గౌరి దవడ మీద మోచేత్తో కొట్టాడు. గౌరి కింద పడ్డాడు. రిఫరీ విజిల్ వేయలేదు, ఆట నడుస్తూనే ఉంది. ఆ కుర్రాడు మాత్రం బంతి వదిలేసి వంగి గౌరి కాళ్ళకు మొక్కుతున్నాడు. "తప్పయిపోనాది స్వామీ, సెమించండి." వాడలా మొక్కుతుండగా చిన్నారావు బంతి తీసుకెళ్ళి రింగులో వేసేశాడు. గ్రౌండు గ్రౌండంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వనివాడు గౌరి ఒక్కడే.

విరామంలో వాళ్ళ కోచ్ దగ్గరికి వెళ్ళి, "మావాణ్ణి సరిగ్గా గార్డ్ చెయ్యమని మీ కుర్రాళ్ళకి చెప్పండి" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "గెలుస్తున్నది మీరే కదండీ. మరేటి మీ బాధ?"

గెలిచాం. కప్పు పట్టుకుని ఫోటో దిగాం. బస్సులో గౌరి నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఆ బాస్కెట్లు నాయి కావు స్వామీ."

"మరెవరివి?"

"మాలవి. ఎవుడూ నా మీదకి రాడు. రాకపోతే నాకు తెలీటం లేదు, నాను ఆడతన్నానో, ఊరికే నడిసెళ్ళిపోతన్నానో. మనోళ్ళనైనా ప్రాక్టీసులో గుద్దమని సెప్పండి."

తనకేం కావాలో వాడే చెప్పాడు. నేను మాత్రం, "చూశావా, అందుకే మాల వద్దన్నాను" అని మళ్ళీ వాదన అందుకున్నాను. ఆ తర్వాత ప్రాక్టీసులో వాణ్ని అడ్డుకోవడానికి నేనే దిగాను. యాభై దాటిన మోకాళ్ళతో ఆ వేగాన్ని ఎక్కడ ఆపగలను? పైగా మాస్టార్ని గుద్దకూడదని ఇటు వాడే తప్పుకునేవాడు.

డిసెంబరు చివర వాడు కొండకు వెళ్ళొచ్చి మాల తీశాడు. కొద్దిరోజులకే సెలక్షన్. బూట్లు వేసుకున్నాడు, నన్ను మళ్ళీ మాస్టారూ అన్నాడు. అక్కడ అన్ని జిల్లాల కుర్రాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు వీడెవడో తెలియదు. మొదటి డ్రైవ్‌లో ఒక బలమైన కుర్రాడు ఛాతీ విరుచుకుని అడ్డంగా నిలబడ్డాడు. గౌరి అడుగు ఆగింది. రెప్పపాటే. వేరేవాళ్ళకు కనబడి ఉండదు. ఎదుటివాడు పక్కకు తప్పుకుంటాడని వాడి ఒళ్ళు ఎదురుచూసింది. ఆ కుర్రాడు తప్పుకోలేదు, బంతి పోయింది. రెండోసారీ అంతే. మూడోసారి రోషంతో ఆగకుండా వెళ్ళి నేరుగా ఢీకొట్టాడు. నిలబడి ఉన్నవాణ్ణి గుద్దితే దాన్ని చార్జ్ అంటారు. తప్పు గుద్దినవాడిదే.

"కుర్రాడు చురుకే గానీ దెబ్బకు జంకుతున్నాడు" అన్నాడు సెలెక్టర్. దెబ్బలు తిని నవ్వేవాడండీ అని చెప్పబోయాను. ఆయన అప్పటికే తర్వాతి పేరు పిలిచాడు.

గౌరి గోడవారన కూర్చుని బూటు లేసులు విప్పుకుంటూ, "దారిస్తాడనుకున్నాను మాస్టారూ" అన్నాడు. అంతే. ఏడవలేదు.

వాడు ఓడిపోవడానికి అదొక్కటే కారణమని నేను ప్రమాణం చేయలేను. అక్కడ వాడికంటే పొడుగువాళ్ళున్నారు, వాడికంటే మంచి కోర్టుల్లో పెరిగినవాళ్ళున్నారు. రుజువు లేనిదాన్ని నిజమనకూడదని ఊరూరా చెప్పేవాణ్ణి, ఇక్కడ మాత్రం ఆ పని ఎలా చేస్తాను? కానీ ఆ ఆగిన అడుగును నా కళ్ళతో చూశాను. అంతకుముందు మూడేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు.

పోయిన డిసెంబరులో జట్టును తీసుకుని వెళ్తుంటే సాలూరు లారీ స్టాండులో టీకి మా బస్సు ఆగింది. ఎదురుగా లారీలోంచి నల్లబట్టల మనిషి ఒకడు దిగాడు. గడ్డం పెరిగింది, పొట్ట కొంచెం వచ్చింది. నడక మారలేదు.

"ఒరే గౌరీ!"

టీ కొట్టు యజమాని నా మీద విరుచుకుపడ్డాడు. "స్వామిని పట్టుకుని ఒరే అంటారేటండి, పెద్దమనిసి అయ్యుండి?"

"అననియ్యండి స్వామీ, ఆయనకి ఆ ఒక్క మాటే వొచ్చు" అన్నాడు గౌరి నవ్వుతూ. తర్వాత నా చేయి పట్టుకుని, "ఇంకోపాలి అనండి మాస్టారూ. మాలేసుకున్నాక ఆ మాట ఎవుడూ అనడు" అన్నాడు.

వాళ్ళ నాన్న ఇంటి దగ్గరే ఉంటున్నాడట. లారీ వీడు తోలుతున్నాడు.

మా జట్టులో ఈసారీ ఒక స్వామి ఉన్నాడు, సత్తిబాబు. ఉత్త కాళ్ళతో బస్సు దిగిన వాణ్ని గౌరి చూశాడు.

"ఈ స్వామి ఆడతాడా?"

"ఆడతాడు. ఎవడూ గార్డ్ చెయ్యడు" అన్నాను.

గౌరి పంచె ఎగ్గట్టాడు. బస్సులోంచి బంతి తెప్పించాడు. లారీల మధ్య ఖాళీ జాగాలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. "రండి స్వామీ, డ్రైవ్ రండి." సత్తిబాబు మొహమాటంగా వచ్చాడు. గౌరి రొమ్ము తగిలి వెల్లకిలా పడ్డాడు. టీ కొట్టు దగ్గర జనం గొల్లుమన్నారు.

"ఏటి సూస్తన్నారు? ఇద్దరం స్వాములమే. ఎవులి పాపం ఎవులికి సుట్టుకుంటాది? లెగండి స్వామీ, మళ్ళీ రండి!"

రెండోసారి సత్తిబాబు భుజం దించుకుని వచ్చాడు. ఈసారి కొంచెం ఊగాడు గౌరి.

ఆయాసపడుతూ నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "ఆ ఏడు రాజాం నిండా స్వాములే కదా మాస్టారూ. మన కాలేజీలోనే ఎంతమందున్నారు! ఒక్కణ్ణి తెచ్చి నా ముందర నిలబెట్టుంటే సరిపోయేది. ఒకపాలి ఘాటీ ఎక్కతంటే తట్టినాది."

"నాకు చెప్పలేదేంరా?"

"ఏటి లాభం? అప్పటికే నాకు హెవీ లైసెన్సు వొచ్చీసినాది."

నేను ఇప్పటికీ నాస్తికుణ్ణే. ఆ బ్రేకుల సంగతి తేల్చాల్సింది అయ్యప్ప కాదు, యజమాని అని ఇప్పటికీ అంటాను. వాదనలో నేను చెప్పినవాటిలో ఒక్క మాటా వెనక్కి తీసుకోను. కానీ కోచ్ పని వాదన గెలవడం కాదు. ఆడేవాడి ముందు అడ్డంగా నిలబడే మనిషిని తెచ్చిపెట్టడం. ఆ ఏడు ఆ మనిషి అదే నల్లబట్టల్లో నా కళ్ళముందే తిరిగాడు. ఆ బట్టల రంగు మీద కోపంతో నేను వాణ్ని ఆటగాడిగా చూడలేకపోయాను.

ఈ నవంబరులో కాలేజీలో మాల వేసుకున్న కుర్రాళ్ళందరినీ, ఆట వచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ, కోర్టుకు పిలిచాను. స్వాముల్ని స్వాములే గార్డ్ చేస్తున్నారు. గట్టిగా గుద్దుకుని, "స్వామి శరణం" అనుకుంటూ లేస్తున్నారు. మిల్లు దుమ్ములో నిలబడి నేను విజిల్ ఊదుతున్నాను. ఆ కొసన వాలిన రింగు వైపు ఎవడైనా భుజం దించి దూసుకుపోతే, అలవాటు కొద్దీ "ఒరే గౌరీ" అనబోయి ఆగిపోతాను.