శుక్రవారం మెయిలు ఆగకూడదని నరసాపురం వెళ్ళొచ్చిన వైనం

పాఠక మహాశయులారా, ముందుగా క్షమాపణలు. గోదావరి మీద నాలుగు వర్ణనలు, కొబ్బరాకుల మీద రెండు ఉపమానాలు ఆశించి ఈ పేజీ తెరిచినవారికి ఘోరమైన అన్యాయం జరగబోతోంది. చేతిపనులు అమ్ముకునే చిన్న వ్యాపారాలు ఈమెయిళ్ళతో ఎలా బాగుపడాలి అనే గంభీర విషయం మీద నేను జరిపిన అధ్యయన యాత్ర ఇది. ఈ రంగంలో నా అర్హత, బస్సులో కూర్చుని చూసిన వీడియోలు. వాటిలో ముఖ్యమైనది రావులపాలెం దాటాక సిగ్నల్ లేక మధ్యలోనే ఆగిపోయింది.

రాజమండ్రిలో నాతో డిగ్రీ చదివిన హారిక ఇప్పుడు నరసాపురంలో ఉంటుంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఇళ్ళలో కూర్చుని కొక్కెపు సూదితో అల్లే లేసుని తన పేరుతో అమ్ముతుంది. కొన్నవాళ్ళకీ, కొంటారేమో అనుకున్నవాళ్ళకీ ప్రతి శుక్రవారం ఒక మెయిలు పంపిస్తుంది. నాకూ వస్తుంది. కాలేజీలో "ఒరే" తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి, అందులో నన్ను "శేఖర్ గారూ" అంటుంది. జాబితాలో ఉన్న ప్రతి పేరుకీ 'గారు' తగిలించేది యంత్రమేనని నాకు తెలుసు. తెలిసినా, శుక్రవారం మిగతా రోజుల్లా ఉండదు. పోయిన వారం మెయిలు చివర్లో ఇలా ఉంది: "ఆర్డర్లు రావడం లేదండి. ఇంకొక్కటి రాసి చూస్తాను. దానికీ రాకపోతే ఆపేసి, టోకు వ్యాపారికి అల్లి ఇస్తాం." అంటే లేసు అలాగే ఉంటుంది, దాని మీద హారిక పేరు ఉండదు. నాకు శుక్రవారం ఉండదు. వెంటనే ఫోన్ చేసి, మెయిళ్ళు బాగుచేయడంలో నాకు అపారమైన అనుభవం ఉందని విన్నవించి, సెలవు పెట్టి బయలుదేరాను.

రాజమండ్రి ఆర్టీసీ కాంప్లెక్సులో శుక్రవారం ఉదయం ఆరున్నరకి రాజోలు బస్సు దొరికింది. టికెట్ నూట ఇరవై దాకా అయింది. పాలకొల్లు మీదుగా నేరుగా నరసాపురం వెళ్ళే బస్సులున్నాయి; పని తొందరగా తెమలాలనుకునేవారు అవి ఎక్కండి. ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి వ్యవధి కావలసినవారు నాలాగా రాజోలులో దిగి, షేర్ ఆటోలో సఖినేటిపల్లి రేవుకి వెళ్ళి, పంటు మీద గోదావరి దాటవచ్చు. ఆటో డ్రైవరు నన్ను ముందు సీట్లో తన పక్కనే ఇరికించుకుని, "నరసాపురంలో ఏం పనండి?" అన్నాడు.

"మెయిలు చూడాలండి."

"టేషను అవతలొడ్డునండి. ఏ మెయిలండి?"

"శుక్రవారం మెయిలు. ఆగిపోయేలా ఉంది. ఆగకుండా చూడాలి."

అతను గేరు మార్చాడు. "ఆగకపోతే జనం ఎలా ఎక్కుతారండి?" అన్నాడు. ఆ వీడియోల్లో ఎవరూ నన్ను ఇంత లోతైన ప్రశ్న అడగలేదు.

రేవులో టీ తాగుతుంటే పంటు కదిలే వేళయింది. బళ్ళనీ మనుషుల్నీ కలిపి దాటించే వెడల్పాటి పడవ అది. మనిషికి చిల్లరే తప్ప పెద్ద ఖర్చు లేదు. గ్లాసు పెట్టేసి "వెళ్తానమ్మా" అని పరుగెత్తాను. టీకొట్టావిడ వెనక నుంచి కేకేసింది. "ఏటి మీదకెళ్తా వెళ్తానంటారేంటండి బాబూ? వెళ్ళొస్తానని చెప్పి ఎక్కండి." వెనక్కి వచ్చి, ఆవిడ ఎదుట నిలబడి "వెళ్ళొస్తానండి" అని ఒప్పజెప్పి మళ్ళీ పరుగెత్తాను. పంటులో వాళ్ళు నవ్వారు గానీ నాకోసం ఆగారు.

హారిక ఇంట్లో ముందు గది నిండా తెల్ల దారం ఉండలు. ఆమె పిన్ని పద్మగారు కిటికీ పక్కన అల్లుతూ కూర్చున్నారు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాను. మెయిలు శీర్షిక చిన్నదిగా ఉండాలని, ఒక మెయిల్లో ఒక వస్తువే చూపించాలని, అల్లినవాళ్ళ గురించి రెండు మాటలు రాయాలని ఉపన్యసించాను.

"అవన్నీ చేస్తున్నానురా," అంది హారిక. "ఏదో కోర్సు కూడా చూశాను. 'తొందరపడండి, ఈ రోజే ఆఖరు' అని పెట్టాలన్నారు. పెట్టాను."

"ఆఖరని నాలుగు వారాలుగా అంటన్నావే," అన్నారు పద్మగారు తలెత్తకుండా. "ఎవడు నమ్ముతాడు?"

"అంతకుముందువి బాగుండేవి," అన్నాను. "ముసురు పట్టి దారం ఆరలేదనీ, అందుకని ఈ వారం అమ్మడానికేం లేదనీ రాశావు చూడు. గుమ్మానికి కట్టిన దారం మీద పిచ్చుక వాలిందని కూడా."

హారిక కుర్చీ నా వైపు తిప్పింది. "అది ఎప్పటిదో. నీకెలా గుర్తుంది?"

"వృత్తిరీత్యా," అన్నాను.

"ఏమన్నా కొన్నావా ఎప్పుడైనా?"

"బల్ల మీద పరిచే గుడ్డ."

"నీ గదిలో బల్ల ఉందా?"

"కొంటాను."

నా పరువు కాపాడటానికన్నట్టు పద్మగారు లేచి అన్నానికి పిలిచారు. బొమ్మిడాయి చేపల పులుసు. ఇంకాస్త వేసుకోమని ఆవిడ, చాలని నేను, అబద్ధమాడకురా అని హారిక. కొన్నేళ్ళుగా ఎవరూ నన్ను అంత చనువుగా అబద్ధాలకోరనలేదు.

భోజనాలయ్యాక హారిక ఒక్కతే కూర్చుని మెయిలు రాసింది. ఆఖరు లేదు, తొందర లేదు. ఒక బల్లగుడ్డ ఫొటో, అది అల్లుతూ పిన్ని రెండుసార్లు విప్పేసిన సంగతి, పొద్దున్నుంచీ మబ్బుగా ఉన్న సంగతి. అడుగున మాత్రం ఎప్పటిలా 'నన్ను జాబితా నుంచి తొలగించండి' అనే లంకె ఉంది. తీసేద్దామంటే నియమం ప్రకారం ఉండి తీరాలట. పద్మగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇంటికొచ్చినోళ్ళని గుమ్మంలోనే తొలగిస్తామా అండి?" అన్నారు. నాకు రేవులో టీకొట్టావిడ గుర్తొచ్చింది. ఆ అక్షరాలు చెరిపి 'వెళ్ళొస్తానండి' అని కొట్టాను. హారిక చదివి కుర్చీ ముందుకు లాక్కుంది. అది నొక్కితే తెరుచుకునే పేజీలో తనే ఏదో రాసి, నాకు చూపించకుండా మూసేసి, మెయిలు పంపేసింది. పక్కనే ఉన్న నా జేబులో ఫోన్ మోగింది.

ఇలాంటి ప్రయాణాలు పెట్టుకునేవారికి నేను చెప్పగలిగింది తక్కువే. ఎదురుగా కూర్చుని ఒరే అనే మనిషి ఒక్క పూట దొరికితే, వారం వారం వచ్చే గారు ఎంత దూరం నుంచి వస్తోందో తెలుస్తుంది. గోదావరి మాత్రం అక్కడ చాలా వెడల్పు, పంటు నెమ్మది. ఒక ఒడ్డున చెప్పాల్సిన మాట రెండో ఒడ్డు చేరేసరికి చక్కగా తయారవుతుంది. పనికొచ్చే సలహా ఒకటి: చీకటి పడ్డాక పంటు ఉంటుందనుకోకండి. దిగగానే ఆఖరిది ఎన్నింటికో రేవులో అడిగి, చిల్లర దగ్గరుంచుకోండి.

మర్నాడు హారిక ఫోన్ చేసింది. ఆర్డర్లు వచ్చాయట. అంతకన్నా ఎక్కువగా, మబ్బు సంగతేమైందని జనం జవాబులు రాశారట. మెయిలు ఆపనంది. "వెళ్ళొస్తానని నొక్కినవాడు మాత్రం ఒక్కడున్నాడురా. ఎవడో ఇంకా చూడలేదు," అంది. చూడొద్దని, అది వృత్తి మర్యాద కాదని చెప్పాను.

ఆ మెయిలుకి నేను చేసిన ఉపకారం పెద్దగా ఏమీ లేదు. రాసింది హారిక, సరిచేసింది పద్మగారు. నిజంగా నేనొక్కడినే చేసిన పని ఒకటుంది. తిరిగొచ్చేటప్పుడు, పంటు సగం ఏరు దాటాక, ఆ మెయిలు అడుగుదాకా చదివి ఆ లంకె నొక్కాను. జాబితాలోంచి పేరు పోతుందని తెలిసినా, లోపల తను ఏం రాసిందో చూడాలని. "మంచిదండి. మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని ఉంది. జవాబు రాయడానికి అక్కడ చోటు లేదు.