నల్లరాయి మీద నా మీసం

నేను బతికుండగానే నా మీసాన్నీ, దాని కింది నవ్వునూ శ్రీరాంపూర్‌లో ఒక పెద్దమనిషి సమాధి రాయి మీద చెక్కారు. నన్ను అడగలేదు. పదిహేనేళ్ళు కావస్తున్నా అది అక్కడే ఉంది. వానకు కరగలేదు, ఎండకు వాడలేదు, కనీసం తెల్లబడనైనా లేదు. (నాది ఎప్పుడో తెల్లబడింది.) ఇది న్యాయమేనా అని అడిగితే ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

ఆ రోజుల్లో నాకు యాభై దాటాయి గానీ, లేజర్ పనిలో మాత్రం ముక్కుపచ్చలారని పిల్లవాణ్ణి. అంతకుముందు ముప్పయ్యేళ్ళు కరీంనగర్ దుకాణాలకు బోర్డులు రాశాను. ఫ్లెక్సీలు వచ్చి నా కుంచెను మూలకు నెట్టేశాయి. బడిలో ఏడో తరగతి దాటలేదు. ఆపైన చదివినదంతా పొట్లాలు కట్టిన కాగితాల మీదే, అదీ పల్లీలు తిన్నాకే. అందుకే ఎవరైనా 'నీకు రాదు' అంటే ఒళ్ళు మండుతుంది. నేను చేరింది సమాధి రాళ్ళ మీద లేజర్‌తో ఫోటోలు చెక్కే గ్రానైటు దుకాణం. దాని యజమాని, అందరూ సేటు అని పిలిచే ఆయన, మొదటి రోజే ఆ మాట అన్నాడు: "పేంటరన్నా, గీ కంప్యూటర్ పని నీతోని కాదే. నువ్వు జర బయట కూసో." నేను బయట కూర్చోలేదు. ఆయన భుజం వెనక నిలబడి నెల తిరిగేసరికి నేర్చుకున్నాను.

పని పైకి కనిపించినంత తేలిక కాదు. ఫోటోను స్కాన్ చేయాలి, రంగులు తీసేయాలి, వెనకనున్న పరదాలూ పూలకుండీలూ కత్తిరించాలి, వెలుగునీడలు గట్టిగా విడదీయాలి, చివరికి ముఖమంతా చుక్కలు చుక్కలు చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, నల్లరాయి మీద లేజర్ తగిలిన చోటే తెల్లబడుతుంది. కాబట్టి యంత్రానికి ఇచ్చే ముందు నలుపును తెలుపు, తెలుపును నలుపు చేసి తిరగేయాలి. నేను చేసిన మొదటి ఫోటోలో తిరగేయడం మరిచాను. ఖానాపూర్ రైతు ఒకాయన తల పిండిబస్తాలో ముంచి తీసినట్టు, ముఖం బొగ్గుపొయ్యిలో పెట్టి తీసినట్టు వచ్చింది. సేటు రాయి మీదికి వంగి చూసి, "మనిషి సచ్చిండని తెలుసు గని, గింత ఘనం సచ్చిండని తెల్వదు" అన్నాడు.

పోయిన ఆ పరువు తిరిగి తెచ్చుకోవాలని పళ్ళు బిగించి ఉన్న రోజుల్లోనే శ్రీరాంపూర్ నుంచి నర్సుగా పనిచేసే ఒక బిడ్డ వచ్చింది. మెథడిస్టు చర్చికి పోయే కుటుంబం. తండ్రి బొగ్గుబావిలో పనిచేసి పోయాడు. ఆయన పోయి ఏడాది నిండినందుకు చేసే ప్రార్థన వచ్చే శనివారం. ఆ లోపల రాయి నిలబెట్టాలి. "కాకా, మా బాపు ఫోటో అంటెనే మొకం తిప్పుకునేటోడు. గిదొక్కటే ఉన్నది" అని బావి గుర్తింపు కార్డు చేతిలో పెట్టింది. నుదురు, కళ్ళు, ముక్కు చక్కగానే ఉన్నాయి. ముక్కు కింద మాత్రం ఆఫీసువాళ్ళు ఊదారంగు సీలు గుద్దారు. (ఫోటో మీద ఇంత చోటుండగా సీలు మనిషి మూతి మీదే ఎందుకు గుద్దుతారో ఇప్పటికీ నాకు అర్థం కాదు.)

సీలును కంప్యూటర్‌లో తుడిచాను. ఓపికగా, రెండు గంటలు తుడిచాను. సీలు పోయింది. దానితోపాటు మూతి కూడా పోయింది. పెద్దాయన ముఖం ముక్కు దగ్గర మునిగి మెడ దగ్గర తేలింది. ఆ ఖాళీలో చుక్కలు ఎట్లా పడతాయో చూద్దామని, చూద్దామనే సుమండీ, నా సొంత ఫోటో నుంచి మీసం, పెదవులు, గడ్డం తెచ్చి అతికించాను. అబ్బ, ఎంత బాగా కుదిరాయంటే నాకే ముద్దొచ్చింది. ఆయనకు మీసం ఉండేదా లేదా అని బిడ్డను ఫోనులో అడుగుదామనుకుని అన్నానికి ఇంటికి పోయాను. పోయేముందు ఫైలును దాచాను. ఏ పేరుతో? 'ఫైనల్' అని. అప్పట్లో ప్రతి ఫైలుకూ ఆ పేరే పెట్టేవాణ్ణి. చేసిన పని పూర్తయినట్టు అనిపించేది.

తిరిగొచ్చేసరికి యంత్రం తిరుగుతోంది. నా మీసం సగం రాయికి ఎక్కింది. "సేటూ, అది నా మూతి!" అని అరిచాను. సేటు ఒకసారి రాయిని, ఒకసారి నన్ను చూసి, "నీదెట్లయితది? ఫైనల్ అని నువ్వే రాస్తివి. మంచిగనే ఉన్నది, ఫికర్ చెయ్యకు. ఇంకో రాయి కొయ్యాల్నంటే శనివారం అయితదా?" అన్నాడు. కాదు. నోరు మూసుకున్నాను, ఆ నోరు రాయి మీద నవ్వుతూ ఉండగా.

శనివారం ఉండబట్టలేక బస్సెక్కి శ్రీరాంపూర్ పోయాను. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను ఒక కన్ను తెరిచి నన్ను చూసుకున్నాను. ఆమెన్ అనగానే పక్కనున్న ముసలాయన రాయినీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "నువ్వు మావోనికి ఏమైతవు?" అన్నాడు. ఏ వరుస చెప్పను? "దుకాణం నుంచి వచ్చిన" అన్నాను. "మరి మూతి గట్లనే ఉన్నదేంది?" అన్నాడు. పోయినాయన భార్య తెల్లచీరలో రాయి దగ్గరికి వచ్చింది. చూపుడువేలితో రాతి మీసాన్ని ఒకసారి నిమిరింది. నాకు గిలిగింత పుట్టింది, ఒట్టు.

ఇంటికొచ్చి కోపంతో మీసం గొరిగేశాను. (మా ఇంటామె, "ఎవరయ్యా నువ్వు?" అని వాకిట్లోనే ఆపింది.) ఆ తర్వాత నర్సు బిడ్డకు ఉత్తరం రాశాను, నాలుగు పేజీలు: మీ బాపుకు అన్యాయం జరిగింది, నాకు ఇంకా పెద్ద అన్యాయం జరిగింది, మీసం గొరుక్కోవాల్సి వచ్చింది, మీసం ఎట్లా ఉండేదో చెబితే నా చేతులతో కొత్త రాయి చేసిస్తాను, నా మూతి నాకు వాపసు ఇవ్వండి. జవాబు రాలేదు. ఇంకొకటి రాశాను, అందులో మీసం బొమ్మ కూడా గీశాను, కొలతలతో. అప్పటి నాలోని ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. లోకంలో తన మూతికి మించిన వ్యవహారమే లేనట్టు పోస్టుడబ్బా చుట్టూ తిరిగేవాడు, పాపం. మూడో ఉత్తరానికి జవాబు వచ్చింది. ఇప్పటికీ నా దగ్గరుంది:

"కాకా, నీ ఉత్తరాలన్ని అవ్వకు సదివి వినిపించిన. అవ్వ చెప్పినట్లే రాస్తున్న. 'ముప్పయ్యేండ్లు ఆయినె ముందట అన్నం పెట్టిన, ఆయినె మూతి నాకు ఎరుక లేదా? రాయి పెట్టిన నాడే ఎరుకైంది. గని బతికినన్నాళ్ళు మొకం ముడుసుకునే కూసున్నడు బిడ్డా. గిప్పుడన్న నవ్వుతుండు, నవ్వనియ్యి. గా అన్నకు చెప్పు, మీసం గొరుక్కుంటే మల్ల మొలుస్తది గని, మా ఆయినెకు నవ్వు మల్ల యాడికెళ్ళి తేవాలె?'"