గాలివైపు మూల

మా ఆడపడుచు సొంత తమ్ముణ్ణి సూదితో చంపుకుందని ఈ వీధిలో అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ నోట్లో మన్ను పడ. ఆ తమ్ముడు నా మొగుడు. అసలు జరిగిందేమిటో చెప్పాల్సినదాన్ని నేను. తొమ్మిదేళ్ళు నోరు మూసుకుని కూర్చున్నాను, ఇప్పుడు చెప్తాను. మధ్యలో ఆపకండి. ఆపితే మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు.

మా వదినా నేనూ పనిచేసింది టెంట్లు కుట్టే షెడ్డులో. టెంటంటే సర్కస్ డేరా అనుకునేరు. కొండలెక్కేవాళ్ళు వీపున మోసుకుపోయే చిన్న గుడారం. ఇద్దరు పక్కపక్కన పడుకుంటే మూడోవాడు కాలు పెట్టడానికి చోటుండదు. మడిస్తే చంకలో ఇమిడిపోతుంది. మొత్తం బరువు కిలోమీద మూడొందల గ్రాములు దాటకూడదు, ఎంతటి గాలివానకైనా ఆగాలి. అదీ మా యజమాని పట్టు. దూదిలా ఉండాలంటాడు, మళ్ళీ బండలా నిలబడాలంటాడు. "మీకు కావలసింది టెంటు కాదు సార్, దెయ్యం" అని మా వదిన మొహం మీదే అనేసేది. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. ఆవిణ్ణి పోగొట్టుకుంటే ఆయనకి షెడ్డే లేదు మరి.

ఆ గుడ్డ ఎంత పల్చనంటే, కింద వేలు పెడితే పైకి గోరు కనిపిస్తుంది. రెండువైపులా సిలికాన్ పూత ఉంటుంది కాబట్టి చేతిలో నిలవదు. మిషన్ మీద పెడితే పై పొర ఒక దారి, కింది పొర ఒక దారి. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారమంతా ఏడ్చేవాళ్ళు. తొమ్మిదిమంది కుట్టేవాళ్ళున్నా నాలుగు మూలలు కుట్టే పని మాత్రం మా వదినదే. కర్ర కాలు వచ్చి కూర్చునేది ఆ మూలలోనే, తాడు కట్టి మేకు కొట్టేదీ అక్కడే. గాలి ఎటునుంచి కొట్టినా ఆ బలమంతా వచ్చి పడేది మూలల మీదే. టెంటు వేసేటప్పుడు ఒక మూలని గాలికి ఎదురుగా పెడతారు, దాన్ని గాలివైపు మూల అంటాం. అందుకని షెడ్డులో అందరూ ఆవిణ్ణి మూలలమ్మ అనేవాళ్ళు. నాది ఆఖరి పని. కుట్ల మీద బ్రష్షుతో జిగురు పూసి సూది కన్నాలు మూయడం. కుట్టడం నాకు రాదు. నేర్పమంటే, "నీకు ముక్కు మీద కోపం, సూది విరిచేస్తావే" అనేది వదిన. నిజమే లెండి.

మూలకి మూడు వరసల కుట్టు. అది ఆవిడ పెట్టిన లెక్క. నాలుగో వరస వేస్తే చెయ్యి విరగ్గొడతాననేది. కొత్తపిల్లలు బలంగా ఉంటుంది కదా అని ఇంకో వరస లాగించేవాళ్ళు. అప్పుడు ఆఫీసు గదిలోంచి రసీదు పుస్తకం తెప్పించేది. ఒక కాగితం సుతారంగా చింపి చూపించి, "ఇదెందుకు ఇంత సులువుగా ఊడొచ్చింది? వరసాగ్గా కన్నాలున్నాయి గనక. సూది దిగిన ప్రతిచోటా కన్నమే తల్లీ. బలం గుడ్డది, నీది కాదు" అనేది. ఇది వినని మనిషి షెడ్డులో లేదు. నేనూ ఓ యాభైసార్లు వినుంటాను. విన్నానంతే.

మనిషి ఎలాంటిదో చెప్పాలి. పద్నాలుగో ఏట తండ్రి పోతే, గొడుగులు బాగుచేసే కొట్టులో చేరింది. అప్పటికి తమ్ముడికి నాలుగేళ్ళు. తర్వాత రెయిన్‌కోట్లు కుట్టింది, ఆ తర్వాత టెంట్లు. ఊళ్ళోవాళ్ళెవరూ తడవకుండా చూసేది గానీ తను మాత్రం గొడుగు మర్చిపోయి తడిసి ముద్దై వచ్చేది. పెళ్ళి మాటెత్తితే, "ముందు వీడికి బూట్లు కొననీండి" అనేది. వాడికి బూట్లు కొన్నారు, చదువు చెప్పించారు, అదే షెడ్డులో గుడ్డ కత్తిరించే పనిలో పెట్టించారు, నన్నిచ్చి పెళ్ళి చేశారు. ఈవిడ మాత్రం రెండు వీధుల అవతల ఒంటిగది అద్దెకి తీసుకుని ఉండిపోయింది. "కొత్త పెళ్ళికూతురికి ఇంట్లో అత్త ఒకత్తి చాలదా, ఆడపడుచు కూడానా?" అని నవ్వేది. రాత్రి భోజనం మాత్రం మా ఇంట్లోనే. వచ్చేటప్పుడు వీధి మొగలోంచే కేక వేసేది, కంచం పెట్టమని.

ఏటా గాలుల కాలంలో, కొత్త రకం టెంటు తయారయ్యాక, యజమాని షెడ్డులోంచే ఇద్దర్ని కొండమీదికి పంపేవాడు. మూడు రోజులు అందులో ఉండి రావాలి. ఎక్కడ కారింది, ఎక్కడ సాగింది, అన్నీ రాసుకురావాలి. ఆ ఏడు మా ఆయన వంతు వచ్చింది. తోడు కర్రలాయన, అంటే టెంటుకి అల్యూమినియం కర్రలు కోసేవాడు. మా ఆయనకి కాళ్ళు నేలమీద ఆగలేదు. నాకేమో ఆ టెంటు తూకం చూసినప్పటినుంచీ దానిమీద నమ్మకం పోయింది. మా పాపకి అప్పుడు నాలుగేళ్ళు.

రెండ్రోజుల ముందు వదిన భోజనానికొచ్చింది. నేను పట్టుకున్నాను. "వదినా, గాలివైపు మూలకి ఇంకో రెండు వరసలు వెయ్యకూడదా?"

"పిచ్చిదానా, వేస్తే చిరుగుతుందే."

"మూడు వరసలకి నిలిచేది ఐదుకి నిలవదా? ఎవరికి చెప్తావు ఈ కబుర్లు?"

"ఐదుకి నిలవదు కాబట్టే మూడు," అని కంచంలో చెయ్యి కడుక్కోబోయింది.

నాకు ఒళ్ళు మండింది. భయం కూడా కోపంలాగే వస్తుంది నాకు. "సొంత తమ్ముడి దగ్గర కూడా గ్రాములు లెక్కపెడతావా వదినా? ఆయనకి ఏమైనా అయితే నీ లెక్క వచ్చి నా పక్కన నిలబడుతుందా?" అన్నాను.

ఆవిడ మొహం పాలిపోయింది. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. మర్నాడు మధ్యాహ్నం నేను బ్రష్షు పట్టుకుని వెళ్ళేసరికి, దీపం కిందకి వంగి, గాలివైపు మూలకి నాలుగో వరస వేస్తోంది. తర్వాత ఐదోది. నన్ను చూసి, "అయిపోయిందా ఇంక, సంతోషమా?" అంది. సంతోషమే. ఎంత సంతోషమంటే, ఆ కుట్ల మీద జిగురు రెండుసార్లు పూశాను.

ముప్ఫై ఏళ్ళ పనితనం ఉన్న మనిషి, ఎవరు చెప్పినా వినని మనిషి, తనకి తెలిసిన తప్పుని తెలిసి తెలిసి చేసింది. ప్రేమ చూపించడానికి ఆవిడ దగ్గర సూది తప్ప ఇంకేమీ లేదు.

కొండమీద రెండో రోజు మధ్యాహ్నం గాలి లేచిందట. కర్రలాయన తర్వాత చెప్పాడు. మిగతా మూడు మూలలూ అలాగే ఉన్నాయట. గాలివైపు మూల మాత్రం కుట్టు వెంబడే తెగి, కర్ర బయటికొచ్చి, టెంటు ఇద్దరి మీదా పడిపోయింది. మంచు కలిసిన వాన. ఉన్నదంతా తడిసిపోయింది. దిగడం మొదలుపెట్టారు. సగం దారిలో మా ఆయన "కాస్త కూర్చుంటాను" అని కూర్చున్నాడు. కర్రలాయన కిందికి పరిగెత్తి మనుషుల్ని తీసుకుని పైకెళ్ళేసరికి రెండు గంటలు పట్టింది. ఆయన అలా కూర్చునే ఉన్నాడు.

ఇంక ఆ రోజులు చెప్పలేను, వదిలెయ్యండి.

పదిరోజుల తర్వాత ఆ టెంటు షెడ్డుకొచ్చింది. పాడై తిరిగొచ్చిన ప్రతి టెంటూ చూసి, కారణం చీటీ మీద రాయడం వదిన పని. యజమాని దగ్గరికొచ్చి, "గాలి ఎక్కువైందని రాసెయ్యమ్మా. ఎవరూ ఏమీ అడగరు" అన్నాడు. మంచికే అన్నాడు. వదిన ఆ మూలని బల్లమీద పరిచింది. సూది మొనతో ఒక్కో కన్నం లెక్కపెట్టింది. నేను ఎదురుగా నిలబడ్డాను. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చీటీ మీద రాసింది: "గాలివైపు మూల. మూడు వరసలు ఉండాల్సిన చోట ఐదు. కుట్టు వెంబడి చిరిగింది. కుట్టింది నేను."

అదే మాట ఇంటికొచ్చి వాళ్ళమ్మకీ చెప్పింది. "ఎందుకు వేశావే?" అని అడిగింది మా అత్తయ్య.

"బుద్ధి గడ్డి తిని," అంది వదిన.

నేను పక్కనే ఉన్నాను.

ఆ రోజునుంచీ మా అత్తయ్య కూతురితో మాట్లాడలేదు. వీధిలో చెప్పుల చప్పుడు వినపడితే చాలు, లేచి లోపలి గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకునేది. వదిన గుమ్మం దాటి లోపలికి రావడం మానేసింది. వారానికోసారి వచ్చి, మెట్టు దగ్గరే నిలబడి, పాపకి ఏదో ఒకటి చేతిలో పెట్టి, లోపలికి వినపడేలా గట్టిగా, "అమ్మకి కళ్ళద్దాలు మార్పించు," "అమ్మ మోకాళ్ళకి ఆ మందు అయిపోయుంటుంది చూడు," అని చెప్పి వెళ్ళేది. లోపలినుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. పాప ఒకసారి, "అత్త లోపలికి ఎందుకు రాదు?" అని అడిగితే, "కాళ్ళు మట్టిగా ఉన్నాయి నాన్నా" అంది. తొమ్మిదేళ్ళూ ఆ కాళ్ళకి మట్టి వదల్లేదు.

షెడ్డులో మూలలు కుట్టడం మానేసింది. టెంటు పెట్టుకునే సంచులు కుట్టే పని అడిగి తీసుకుంది. నాలుగు తిన్నని కుట్లు, ఎవరైనా కుడతారు. అంత పనిమంతురాలు అక్కడ సంచులు కుడుతూ కూర్చుంటే నేను అటువైపు చూడలేకపోయేదాన్ని.

ఒకసారి నీళ్ళ కుళాయి దగ్గర పట్టుకుని, "వదినా, అత్తయ్యకి చెప్పేస్తాను, అడిగింది నేనేనని," అన్నాను. గయ్యిమంది. "ఎవరడిగితే ఏమే? అడిగినవాళ్ళందరికీ కుట్టేస్తే ఇంక నేనెందుకక్కడ? నీకు తెలీదు. నాకు తెలుసు. తెలిసినదానిదే తప్పు. నోరు మూసుకుని పిల్లని పెంచుకో. తండ్రి ఎలాగూ లేడు, నాయనమ్మని కూడా లేకుండా చెయ్యకు."

ఆ మాటలు విని నాకెంత హాయిగా అనిపించిందో చెప్తే మీరు నా మొహాన ఉమ్మేస్తారు. ఆవిడే వద్దంది కదా అనుకున్నాను. ఆ 'కదా' పట్టుకుని తొమ్మిదేళ్ళు గడిపాను. ఒక్క మాట చెప్తే ఆ తల్లి తలుపు తెరుచుకుంటుందని తెలుసు. తెరుచుకుంటే నా మొహం మీద మూసుకుంటుందనీ తెలుసు. నేను పనికి పోతే పాపని చూసేది అత్తయ్యే. నేను పిరికిదాన్ని, అంతే, దీనికి ఇంకో పేరు లేదు.

మొన్న చలికాలంలో వదినకి జ్వరం వచ్చింది. దగ్గు ఛాతీలోకి దిగింది. పనికి వస్తూనే ఉంది, సంచులు ఆగిపోతాయట! ఆసుపత్రిలో చేర్చేసరికి ఆలస్యమైపోయింది. నేను ఇంటికొచ్చి, "అత్తయ్యా, ఒక్కసారి రండి, మిమ్మల్నే అడుగుతోంది," అన్నాను. నిజానికి ఆవిడ ఎవర్నీ అడగలేదు. అత్తయ్య మోకాళ్ళు నొక్కుకుంటూ, "రేపు చూద్దాం" అంది. రేపు అయ్యేసరికి వదిన లేదు. యాభై ఏడేళ్ళు.

అప్పుడొచ్చింది అత్తయ్య. కూతురి కుడిచెయ్యి తీసుకుని, చూపుడువేలు చివర సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిన చోటు బొటనవేలితో రాస్తూ కూర్చుంది. లేవమంటే లేవలేదు. ఇద్దరం పట్టుకుని లేపాల్సొచ్చింది.

అంతా అయ్యాక ఇంటికొచ్చాం. పాప స్నానానికి వెళ్ళింది. అత్తయ్య మంచం మీద కూర్చుంది. నేను ఆవిడ కాళ్ళ దగ్గర నేలమీద కూలబడ్డాను. అన్నీ చెప్పేశాను. ఆ రోజు భోజనాల దగ్గర ఏమన్నానో, వదిన మొహం ఎలా పాలిపోయిందో, నాలుగో వరస, ఐదో వరస, నా సంతోషం, కుళాయి దగ్గర వదిన అన్న మాటలు, అన్నీ. "నన్ను కొట్టండి అత్తయ్యా, వెళ్ళిపొమ్మనండి, ఏదో ఒకటి అనండి" అని ఏడ్చాను.

ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది. "నాకు తెలుసే" అంది.

నేను తలెత్తాను.

"ఆ రోజు నేను ఈ గదిలోనే ఉన్నాను కదటే. నువ్వు మెల్లగా మాట్లాడే మనిషివా?"

"మరి నన్నొక్క మాట కూడా అనలేదేం అత్తయ్యా?"

"అంటే ఏం చేస్తావు? పిల్లని చంకనేసుకుని మీ అమ్మ దగ్గరికి పోతావు. పోతే నా కొడుకుది నాకేం మిగుల్తుంది? కోపమా, ఎవరో ఒకరి మీద చూపించకపోతే నేను బతికేలా లేను. అదైతే నా కడుపున పుట్టింది. నేనెంత మొహం తిప్పుకున్నా, వారం తిరిగేసరికి మళ్ళీ వచ్చి ఆ మెట్టు దగ్గర నిలబడేది. ఏదో ఒకరోజు పిలుద్దాంలే, కూతురెక్కడికి పోతుంది అనుకున్నానే."