ఆదివారం నాలుగు మైళ్ల గీత

ఎలిశబెతు పుట్టింది విడవలూరు దాపున, క్రైస్తవ మత్స్యకారుల పాళెంలో. పెళ్లయ్యాక సూళ్లూరుపేటలో కాపురం, చెన్నైలో ఉద్యోగం. సరుకు ఓడలు ఏ దారిన పోవాలో మ్యాపు మీద గీత గీసి కెప్టెన్లకు పంపడం ఆమె పని. ఇసుక దిబ్బలు, తుపాన్లు, రాకెట్ ప్రయోగం రోజు మూసేసే నీళ్లు, చేపల పడవలు, అన్నీ తప్పించాలి. సముద్రాన్ని తల్లి అనే వాళ్లంటే ఆమెకు విసుగు. తల్లికి లోతుల పట్టిక ఉండదు.

ఫిబ్రవరిలో ఒక బొగ్గు ఓడ ఆలస్యమైంది. కాస్త సమయం కలిసొస్తుందని, పదిహేను మైళ్ల దూరాన ఉండాల్సిన గీతను తన పాళెం ఒడ్డుకు నాలుగు మైళ్లకు లాగింది.

"అక్కడ పడవలుంటాయేమో?" కెప్టెన్ ఫోన్‌లో అడిగాడు.

"రేపు ఆదివారం సార్. మావాళ్లు వేటకు పోరు."

పాళెంలో తాతల నాటి కట్టుబాటు అది. ఏ మ్యాపులోనూ లేని సంగతి తనకు తెలుసని కొంచెం గర్వం కూడా.

తెల్లారేసరికి ఓడ ఒక ఫైబర్ పడవను గుద్దింది. పడవలో ఉన్నది ఆమె మేనమామ కృపాదానం. బతికాడు. కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు.

నెల్లూరు ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడింది. "ఆ దారి గీసింది నేనే మామా. ఆదివారం ఎందుకు పోయినావు?"

"వారమంతా గాలి గదమ్మే. ఆ పొద్దే తగ్గింది. మూడేళ్లుగా సగం పాళెం ఆదివారం పోతానే ఉండాది. పాస్టరయ్య గూడా చేపలు తీసుకుంటాడు."

"నాకెవరూ చెప్పలా."

"క్రిస్మస్‌కొచ్చి కేకు తినిపోయేదానివి, అడిగితివా? నువ్వు మద్రాసులో ఆదివారం డ్యూటీ చెయ్యవా? నీకొక దేవుడు, మాకొక దేవుడా?"

నవ్వబోయి దగ్గాడు. ఆమె నీళ్లు పట్టింది.

రెండు రోజుల తర్వాత మేనేజరు నరేంద్రబాబు విచారణ కాగితం ముందు పెట్టాడు. "ఫోన్ మాటకు రికార్డు లేదు. దగ్గరగా పోతానంది కెప్టెనే అని రాసేయండి. పోతే ఆయన లైసెన్సు పోతుంది. మీ ఉద్యోగం మిగులుతుంది."

ఆమె రాసింది: "పడవలుండవని నేనే చెప్పాను. ఎవరినీ అడగలేదు."

"బైబిల్ గుర్తొచ్చిందా?"

"లేదు సార్. కెప్టెన్ అడిగాడు, నేను చెప్పాను."

సాయంత్రంలోగా బ్యాగు సర్దుకోమన్నారు. రైల్లో ఏడుపొస్తుందేమోనని కిటికీ వైపు కూర్చుంది. రాలేదు. తడ దాటాక ఆకలేసింది.