పేరులేని నావికుడికి కల్లిరో ఇచ్చిన చోటు

దీవిలోని సమాధుల దొడ్డి గేటుకు అడ్డంగా కల్లిరో నిలబడింది. ఆమె వెనక, తెరచాప గుడ్డలో చుట్టి, తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన నావికుడి శవం. ఎదురుగా ఊరి ప్రెసిడెంటు లియాకోస్. పొరుగింటి స్టమాత నీళ్ల కూజా చంకలోంచి దించడం కూడా మరిచిపోయి ఆ పోట్లాటంతా చూసింది.

"పేరే తెలీదు పెద్దమ్మా. మనవాళ్లకే ఇక్కడ చోటు చాలడం లేదు. ఆ ఒడ్డు ఇసకలో పాతేద్దాం," అన్నాడు లియాకోస్.

"ఇసకలోనా? నాలుగు అలలొస్తే మళ్లీ నీ గుమ్మం ముందుకే వస్తాడు. అప్పుడేం చేస్తావురా, సున్నం కొట్టించి నిలబెడతావా?"

జనం నవ్వారు. లియాకోస్ చెవులు ఎర్రబడ్డాయి.

దొడ్డి గోడలో ఏనాటిదో సమాధి మీది పాలరాతి పలక ఒకటి పొదిగి ఉంది. కూర్చున్న ఆడమనిషీ నిలబడ్డ మగమనిషీ సెలవు తీసుకుంటూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్న బొమ్మ. పట్నం నుంచి ఎవరొచ్చినా లియాకోస్ అక్కడికే తీసుకెళ్లి, "మా పూర్వులు!" అని రొమ్ము విరుచుకునేవాడు, పూర్వులంతా తన చొక్కా జేబులోనే ఉన్నట్టు. కల్లిరో ఆ పలకమీద అరచెయ్యి ఆనించింది.

"ఇదెవరిదిరా?"

"మన పూర్వులది."

"పేరు చదువు."

"అరిగిపోయింది కదా!"

"పేరులేని రాయికి రోజూ దీపం పెట్టిస్తావు, పేరులేని మనిషికి మూరెడు మట్టి ఇవ్వవూ? వాళ్లు చెయ్యెందుకు పట్టుకున్నారనుకున్నావు, నీ పట్నం చుట్టాలు ఫొటో తీస్తారనా? పోయిన నెలే నా మొగుడి ఎముకలు తీశాం. ఆ గుంట నాది. వీడికిస్తున్నా. తప్పుకో."

లియాకోస్ పక్కనున్న గుడి ఫాదరు వైపు చూశాడు. ఫాదరు అప్పటికే మెడలో ప్రార్థన పట్టీ వేసుకుంటున్నాడు.

"మరి నువ్వు ముందే పోతే నిన్నెక్కడ పెట్టాలి?" అని గొణిగాడు లియాకోస్.

"నేను పోను. మూడేళ్లు."

ఆ దీవిలో మనిషి మట్టిలో ఉండేది మూడేళ్లే. తరవాత ఎముకలు తీసి, వైనుతో కడిగి, పేరు రాసిన పెట్టెలో పెట్టి గుడి పక్క గదిలో దాస్తారు. కడగడం అయినవాళ్ల పని. కల్లిరో తండ్రికి ఆ భాగ్యం లేదు. సముద్రం అడుగున పెరిగే స్పాంజీలు కోసుకురావడానికి దూకినవాడు తిరిగి రాలేదు. ఏ ఒడ్డున తేలాడో, ఎవరైనా పిడికెడు మట్టి వేశారో లేదో తెలియకుండానే తల్లి పోయింది.

మాట అన్నది గనక కల్లిరో బతకడం ఒక పనిగా పెట్టుకుంది. ఊరి పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తూనే ఆ పరాయివాడి దినాలకు గోధుమలు ఉడకబెట్టి, దానిమ్మ గింజలు చల్లి, గుడికి పట్టుకెళ్లేది.

"అల్లుడికా అక్కా?" అని స్టమాత ఎగతాళి చేసింది.

"అల్లుడైతే ఉప్పు ఎక్కువైందనేవాడు. వీడు బుద్ధిమంతుడు," అంది కల్లిరో.

మూడో చలికాలం ఆమె గుండె చుట్టూ నీరు చేరింది. ఓడెక్కి పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు డాక్టరు. దారిలో పోతే మాట పోతుందని కదల్లేదు. ఈస్టరు పండగ వెళ్లేసరికి మంచం దిగలేకపోయింది. తెల్లారితే మూడేళ్లు నిండుతాయి, గుంట తవ్వాలి. కల్లిరో స్టమాత చెయ్యి పట్టుకుంది, ఆ రాతిలోని మనిషి పట్టుకున్నట్టే, గట్టిగా.

"ఏడవకు, నీ ముక్కు నా దుప్పటి మీద కారుతోంది. విను. మెట్ల కింద జాడీలో వైను ఉంది, నీళ్లు కలపకు. వాడి ఎముకలు నువ్వే కడుగు. లియాకోస్‌ని చూడనివ్వు, ముట్టుకోనివ్వకు."

"పెట్టెమీద పేరేం రాయించను అక్కా?"

"నా ఇంటిపేరు. వాడివాళ్లు వెతుక్కుంటూ వస్తే చెరిపి వాళ్లది రాసుకోమను. రాకపోతే నా ఇంటివాడే. ఆ తరవాతే నన్ను ఆ గుంటలో దించు. ముందు వాడు, తరవాత నేను. అందాకా ఊపిరి బిగబట్టుకుని ఉంటా. నువ్వు మాత్రం రేపు కబుర్లు పెట్టుకోకుండా తొందరగా కానియ్."