నా దుకాణంలో నాలుగు వందల మంది

2020 మార్చి మొదటి వారం. నిజామాబాద్ బస్టాండు పక్క సందులో నాది విమాన టికెట్ల దుకాణం. సగం జిల్లాను గల్ఫ్ విమానం ఎక్కించింది నేనేనని చెప్పుకునేవాణ్ని. సగం కాదు లెండి. ఆ సందులోనే నాలాంటి దుకాణాలు మరో ఆరు ఉండేవి.

కొత్త జబ్బు దేశాలు దాటి వస్తోందని పేపర్లు రాస్తున్న రోజులవి. స్రవంతి అనే అమ్మాయి వచ్చింది. డిచ్‌పల్లి యూనివర్సిటీలో లెక్కల లెక్చరర్. ప్రయాణికుల వెంట జబ్బు ఏ ఊరికి ఎప్పుడు చేరుతుందో చెప్పే 'మోడల్' కడుతోందట. అదేమిటని అడిగాను.

"మాది వర్ని, అంకుల్. నిజాంసాగర్ల నీళ్లిడిస్తే మా పొలానికి ఎన్నొద్దులకు వస్తయో మా బాపు ఇంట్ల కూసుండి చెప్తడు. ఏ తూముకు ఎంత పోతదో ఆయనకు ఎరుక. గిదీ గంతే. విమానాలు కాలువలు, మన ఊర్లు పొలాలు. యాడికి ఎందరొస్తున్నరో తెల్వాలె."

అంత తేటగా చెప్పేసరికి నాకూ గొప్పకు పోవాలనిపించింది. "నెలకు రెండు వేల మంది నా దగ్గరనే కొంటరు" అన్నాను. రెండు నెలల బుకింగుల జాబితా, పేర్లు తీసేసి, "ఇది మచ్చుకే" అంటూ చేతిలో పెట్టాను. తిరిగొచ్చినవాళ్లను ఇళ్లకెళ్లి చూసే ఆరోగ్య బృందం ఒక్కటే ఉందనీ, దాన్ని ముందు ఎటు పంపాలో అధికారులు తన లెక్క చూసే నిర్ణయిస్తారనీ చెప్పి వెళ్లింది.

మర్నాడు దుకాణం తీయగానే ఫోను.

"అంకుల్, మీ దుకాణంల ఎన్ని అర్రలున్నయి?"

"ఒక్కటే రూము. ఎందుకు బిడ్డా?"

"నా మ్యాపుల నాలుగు వందల మంది గండ్లనే కాపురముంటున్నరు."

బుకింగులో 'కాంటాక్ట్' అని ఒక గడి ఉంటుంది. ప్రయాణికుడి చిరునామా, ఫోను అందులో నింపాలి. మావాళ్లకు ఈమెయిలు ఉండదు, ఫోను నంబరు నెలకొకటి మారుతుంది. అందుకని మా సందులో అందరం చేసే పనే నేనూ చేసేవాణ్ని: ప్రతి టికెట్టుకూ నా దుకాణం చిరునామా, నా నంబరే కొట్టేవాణ్ని. దాంతో జబ్బంతా నా కౌంటరు మీద దిగుతోంది. బోధన్ వైపు పల్లెలు ఖాళీగా కనిపిస్తున్నాయి.

"ఇంకోటి. మీ రెండు వేలకు మిగతా దుకాణాలోళ్ల లెక్క కలిపితే విమానాల్ల సీట్లు సరిపోతలేవు."

నా ఎదురుగా సాయవ్వ కూర్చుని ఉంది. బోధన్ అవతలి పల్లె. ఏళ్లతరబడి బీడీలు చుట్టి, తంబాకు దుమ్ము పీల్చి, నాలుగు మాటలకోసారి ఆయాసపడే మనిషి. కొడుకు గంగాధర్ శుక్రవారం షార్జా నుంచి వస్తున్నాడు. విమానం ఎన్ని గంటలకు దిగుతుందో అడగడానికి వచ్చింది. ఆ బృందాన్ని ఆమె ఊరికి పోకుండా ఆపుతున్నది నా చిరునామా, నా గొప్పలేనని అర్థమైంది.

"రెండు వేలు కాదు బిడ్డా, రెండు వందలు. అదీ మంచి నెలల్ల."

"సరే, కొట్టేసిన. అసలు అడ్రసులు యాడ దొరుకుతయి?" అంది, అంతే. తిట్టలేదు, నవ్వలేదు.

గంటలో దుకాణానికి వచ్చింది. సొంతూరి చిరునామాలుండే పాస్‌పోర్టు జిరాక్సుల ఫైళ్లు దించి నేను ఊర్ల పేర్లు చదువుతుంటే, ఆమె ల్యాప్‌టాప్‌లో ఎక్కించింది. మధ్యలో తలెత్తి, "శంషాబాద్‌ల దిగినంక వీళ్లు ఇంటికెట్లొస్తరు?" అంది.

బస్సు కోసం ఆగిన సాయవ్వే జవాబిచ్చింది. "ఎట్లేంది? తుఫాను జీపు మాట్లాడినం. పదిమందిమి పోతున్నం. కొడుకును సూడక నాలుగేండ్లాయె."

స్రవంతి చేతులు ఆగిపోయాయి. "నా లెక్కల వచ్చేటోడు ఒక్కడే. ఈ జీపు లేదు. తప్పు నాదే" అంది. అద్దాలు బిగించిన జీపులో నాలుగు గంటలు, పది మంది. అక్కడికక్కడే లెక్క మార్చింది. బోధన్ రోడ్డు పల్లెలన్నీ జాబితాలో పైకొచ్చాయి. సాయంత్రానికి దాన్ని అధికారులకు పంపేసింది. అంతకుముందే, బస్సుకు లేచిన సాయవ్వను ఆపింది.

"అవ్వా, జీపును డ్రైవరుతోటే పంపున్రి, అద్దాలు దించుకొని. కొడుకు పద్నాలుగొద్దులు వేరే అర్రల ఉండాలె."

"నా కొడుకేమన్న పెద్దపులా?"

"పులి గాదవ్వా. ఎంబడి ఏమొచ్చిందో ఆయనకే ఎరుకుండదు."

సాయవ్వ నావైపు తిరిగింది. "నర్సన్నా, ఈమె లెక్క నమ్మొచ్చునా?"

"నా అబద్ధాన్ని ఇంట్ల కూసుండి పట్టింది సాయవ్వా. నమ్ము."

జీపు ఖాళీగా వెళ్లింది. ఆదివారం గంగాధర్‌కు జ్వరం వచ్చింది. బృందం అప్పటికే ఆ పల్లెలో ఉంది, పరీక్షలో ఆ జబ్బేనని తేలింది. బాగై ఇంటికొచ్చాడు. సాయవ్వకు సోకలేదు.

బోధన్‌ను నేనే కాపాడానని చాలాకాలం చెప్పుకుని తిరిగాను. నేను చేసిందల్లా దుమ్ము దులిపి ఫైళ్లు దించడమే. గొప్పకు చెప్పిన అంకె గాలికి పోతుందనుకునేవాణ్ని. పోదు. ఎవరి గుమ్మానికో చేరాల్సిన సాయాన్ని ఇంకెటో మళ్లిస్తుంది. ఇక లెక్కల గొప్పతనం ఎక్కడుందో కూడా ఆరోజే తెలిసింది. నా తప్పు ఒప్పుకోవడానికి నాకు ఒక రాత్రి, ఒక ఫోను, ఎదురుగా ఒక ఆయాసపడే తల్లి కావలసి వచ్చాయి. అంత చదువుకున్న ఆ అమ్మాయికి తన తప్పు ఒప్పుకుని దిద్దుకోవడానికి బీడీలు చుట్టే అవ్వ చెప్పిన ఒక్క మాట చాలింది.