రమణకి చెయ్యి అందించలేదు

నిరుడు కొరాపుట్‌లో ట్రయాథ్లాన్ పోటీకి తెరుబలి నుంచి నేనూ, మా ఫ్యాక్టరీలోనే పనిచేసే రమణా బస్సులో వెళ్లాం. "నలభై దాటిన ఆడమనిషికి ఈతలూ, పరుగులూ ఏటమ్మా?" అంటూ దారిపొడవునా అతను తోటి ప్రయాణికుల్ని నవ్వించాడు. ఆ కోపంతోనే ఈదాను, సైకిల్ తొక్కాను, చివరి పరుగులో అతణ్ని దాటేశాను.

తిరుగు ప్రయాణంలో రాయగడలో బస్సు దిగబోతుంటే రమణకి పిక్కలు పట్టేశాయి.

"అప్పా, సెయ్యి అందియ్యవా! దిగలేకపోతన్నాను," అని అక్కని పిలిచినట్టు బతిమాలాడు.

"నలభై దాటిన ఆడమనిషిని, నాకు బలమెక్కడిది బాబూ?" అని దిగిపోయాను.

అందరూ చూస్తుండగా అతను కూర్చుని, ఒక్కో మెట్టూ జారుతూ దిగాడు. నా కసి తీరింది.

తర్వాత రెండు రోజులు నేనూ మంచం దిగలేకపోయాను. మా ఆయనే పట్టుకుని నడిపించాడు. అప్పుడైనా రమణ మీద జాలి పుడుతుందేమో అనుకున్నాను. ఇప్పటికీ పుట్టలేదు.